మూడో రోజు గండం

కసరత్తు మొదలెట్టిన ఉత్సాహమంతా రెండ్రోజుల్లో ఎందుకు నీరుగారిపోతుంది? ఒళ్లు చెప్పే మాటలు మనకు సరిగ్గా అర్థంకాకపోవడమే కారణం!

జనవరి 1. కొత్త బూట్లు, కొత్త టీషర్టు, మెడలో తువ్వాలు. ఇంటి పక్కనున్న జిమ్‌లో ఆర్నెల్ల ఫీజు ఒకేసారి కట్టేసి, అద్దంలో చూసుకుంటూ దొరికిన బరువునల్లా ఎత్తేస్తారు. చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి ‘అబ్బ... ఎంత హాయిగా ఉందో!’ అంటారు. రెండో తారీఖున ఒళ్లు కాస్త బిగుతుగా ఉంటుంది. మూడో తారీఖున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. తల దువ్వుకుందామంటే చెయ్యి లేవదు. మెట్లు దిగుతుంటే తొడలు ‘వద్దు బాబోయ్’ అంటాయి. నాలుగో తారీఖున... జిమ్ సగం ఖాళీ!

ఏటా ఇదే తంతు. మానేసినవాళ్లను అడిగితే ‘మన ఒంటికి పడలేదండీ’ అంటారు. లేదంటే ‘ఏదో నరం పట్టేసింది’ అంటారు. పట్టుదల ఉన్నవాళ్ల తీరు ఇంకోలా ఉంటుంది. నొప్పి పుట్టకపోతే కసరత్తు చేసినట్టే కాదన్నది వాళ్ల లెక్క. అందుకే మర్నాడు ఇంకాస్త బరువు, ఆ మర్నాడు ఇంకాస్త. చూడ్డానికి ఈ ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాల్లా కనిపిస్తారు కానీ, ఇద్దరి పొరపాటూ ఒక్కటే. అలసట వేరు, నొప్పి వేరు, దెబ్బ వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టేయడంవల్ల ఒకరు చేయాల్సింది మానేస్తున్నారు. ఇంకొకరు మానాల్సింది చేస్తున్నారు.

ఒకే ఇల్లు... నాలుగు అలసటలు

ఓ ఇంటిని ఊహించుకోండి. పాతికేళ్లు దాటిన కొడుకు జిమ్‌కి వెళ్తాడు. పెద్దపెద్ద బరువులు ఐదేసిసార్లు ఎత్తి, మధ్యలో మూడేసి నిమిషాలు కూర్చుంటాడు. ‘ఎత్తేది తక్కువ, కూర్చునేది ఎక్కువ’ అని చెల్లెలు వెక్కిరిస్తుంది. ఆ అమ్మాయి టీవీ ముందు నిలబడి రెండు కిలోల డంబెల్స్‌ని పాతికేసిసార్లు ఎత్తి దించుతుంది. చివరి నాలుగైదుసార్లు చేతులు భగ్గున మండిపోతాయి. నాన్నేమో మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల వెళ్లారు. బస్సెక్కమంటే వినకుండా వచ్చిన దారినే నడిచి దిగారు. ఎక్కేటప్పుడు ఆయాసమే తప్ప కాళ్లకేమీ కాలేదు. ఇంటికొచ్చిన మర్నాడు చూడాలి అవస్థ... కుర్చీలో కూర్చోవాలంటే ‘అమ్మా’ అనని క్షణం లేదు.

ఇక అమ్మ. యాభై ఎనిమిదేళ్లు. ఆవిడ ఏ బరువూ ఎత్తలేదు, ఏ కొండా దిగలేదు. అయినా ఆ ఇంట్లో అందరికన్నా ముందు అలసిపోయేది ఆవిడే. నేలమీద కూర్చుంటే లేవడానికి మంచం ఆసరా కావాలి. కూరగాయల సంచితో రెండంతస్తులు ఎక్కేసరికి మధ్యలో ఒకసారి ఆగాలి. ‘వయసు మీదపడింది కదే’ అని ఆవిడే సర్దిచెప్పుకుంటుంది.

నలుగురూ అలసిపోయామనే అంటారు. కానీ ఒంట్లో జరిగింది నాలుగు రకాలుగా!

బరువెక్కువ... లెక్క తక్కువ

ముందు కొడుకు సంగతి చూద్దాం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్స్‌లో పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆవిడే. ఒక్కో ఎత్తు కొన్ని సెకన్ల పని. ఆ కొన్ని సెకన్లలోనే మెదడు, వెన్నుపాము, నరాలు కలిసి వీలైనన్ని కండరపు పోగుల్ని ఒకేసారి పనిలోకి దింపాలి. అందుకు ఖర్చయ్యేది కండరంలో అప్పటికప్పుడు వాడుకోవడానికి దాచి ఉంచిన ఇంధనం. అది గట్టిగా పది సెకన్లు వస్తుందేమో. మళ్లీ చాలావరకు నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. చెల్లెలు వెక్కిరించే ఆ ‘కూర్చోవడం’ అందుకే. అది బద్ధకం కాదు, కసరత్తులో భాగమే.

ఇలాంటి అలసటలో మంట ఉండదు. బరువు లేవదు, అంతే. కాసేపు ఆగితే మళ్లీ లేస్తుంది.

ఇక్కడే ఓ తమాషా ఉంది. పోటీలో బార్‌ని తలపైకి ఎత్తి, న్యాయనిర్ణేతలు సైగ చేశాక క్రీడాకారులు దాన్ని నెమ్మదిగా దించరు. చేతులు అలా ఆనించి కిందికి వదిలేస్తారు. ‘ధన్’మని నేలమీద పడుతుంది. అంటే బరువును ఎత్తే శ్రమే కానీ దించే శ్రమ దాదాపు లేదన్నమాట. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. నాన్న కాళ్ల నొప్పికి జవాబు దీన్లోనే ఉంది.

ఒళ్లు పులిసిందా?

కూతురిది ఇంకో కథ. బరువు చిన్నదే, ఎత్తడం పాతికసార్లు. పదిహేను దాకా ఏమీ అనిపించదు. ఆ తరవాత కండరం లోపల రసాయనాలు పోగుపడతాయి. పోగులు ముడుచుకోవడానికి అందాల్సిన సంకేతం బలహీనపడుతుంది. అప్పుడు పుట్టేదే ఆ మంట.

ఒళ్లు నొప్పిగా ఉంటే తెలుగులో ‘ఒళ్లు పులిసిపోయింది’ అంటాం. పెరుగుకు పులుపునిచ్చేది లాక్టిక్ ఆమ్లం. కష్టపడే కండరంలో తయారయ్యేదీ అదేనని చాలాకాలం అందరూ చెప్పుకున్నారు. అది పేరుకుపోవడంవల్లే మర్నాడు నొప్పులొస్తాయనీ నమ్మారు. మన నుడికారానికి శాస్త్రం వంత పాడినట్టే అనిపించింది! కానీ తరవాత తేలిందేమిటంటే... కసరత్తు ఆపేశాక గంటా గంటన్నరలోపే అది రక్తంలోంచి మామూలు స్థాయికి వచ్చేస్తుంది. పైగా అది చెత్త కూడా కాదు. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. కాబట్టి ఎత్తుతున్నప్పటి మంటకూ, మూడో రోజు నొప్పికీ సంబంధం లేదు.

ఇంతకీ ఎవరి పద్ధతి మంచిది... అన్నదా, చెల్లెలిదా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2016లో వెలువడ్డ ఓ అధ్యయనంలో, అప్పటికే కసరత్తు అలవాటున్న 49 మంది యువకుల్ని రెండు జట్లుగా చేసి పన్నెండు వారాలు శిక్షణ ఇచ్చారు. ఓ జట్టు తేలిక బరువులు 20 నుంచి 25 సార్లు, రెండో జట్టు భారీ బరువులు 8 నుంచి 12 సార్లు... ఇక ఎత్తలేం అనేదాకా ఎత్తారు. కండలు రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకేలా పెరిగాయి. అయితే, ఒకేసారి పెద్ద బరువు ఎత్తగల బలం కావాలంటే మాత్రం పెద్ద బరువులు సాధన చేసినవాళ్లదే పైచేయి అని ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తెలుస్తుంది. కాబట్టి పెద్ద బరువంటే భయపడేవాళ్లు చిన్న బరువుతో మొదలెట్టినా నష్టమేమీ లేదు.

గోడకుర్చీ రహస్యం

హోంవర్క్ చేయకపోతే మాస్టారు వేయించే గోడకుర్చీ గుర్తుందా? కదలడమే లేదు, ఎత్తిందీ దించిందీ లేదు. అయినా నిమిషం తిరిగేసరికి తొడలు వణికిపోయేవి. ఎందుకని? కండరం బిగుసుకుని అలాగే ఉండిపోతే, దాని లోపలి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. కొత్త రక్తం రాదు, పోగుపడ్డ రసాయనాలు బయటికి పోవు. లేచి నాలుగడుగులు వేయగానే రక్తం పారుతుంది, ప్రాణం లేచొస్తుంది.

వీరఘట్టంలో పుట్టి, ‘కలియుగ భీముడ’ని పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు తాళ్లతో కట్టిన కార్లను కదలకుండా ఆపేవారని ఉత్తరాంధ్రలో కథలుకథలుగా చెప్పుకుంటారు. అదీ ఈ కోవలోదే. కదలకుండా పట్టి ఉంచే బలం! మర్నాటి నొప్పుల బెడద ఇందులో తక్కువే కానీ, ఓ జాగ్రత్త ఉంది. ఊపిరి బిగబట్టి బిగుసుకుంటే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఊపిరి వదులుతూ చేయాలి. అదీ డాక్టర్ని అడిగాకే.

కొండ ఎక్కడం కాదు... దిగడమే!

ఇప్పుడు నాన్న దగ్గరికొద్దాం. నిండు బిందెను నెమ్మదిగా గట్టుమీదకి దించేటప్పుడు చేతి కండరం ఏం చేస్తుంది? ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బరువును పట్టి ఆపుతుంది. ఆపకపోతే బిందె దబ్బున పడుతుంది. కొండ దిగేటప్పుడు తొడలు చేసేదీ అదే. ఒక్కో మెట్టుకీ ఒంటి బరువంతా కిందికి జారిపోకుండా తొడ ముందుభాగం సాగుతూ ఆపుతుంది. ఇలా 3,550 సార్లు!

ఇది ఎంత విచిత్రమైన పనో 1952లో లండన్‌లోని రాయల్ సొసైటీలో కొందరు శాస్త్రవేత్తలు సరదాగా చూపించారు. రెండు సైకిళ్లను వెనకా వెనకా నిలిపి, ఒకే గొలుసుతో కలిపారు. ఓ బలమైన మగమనిషి ముందుకు తొక్కుతుంటే, ఆయనకన్నా చిన్నగా ఉండే శాస్త్రవేత్త బ్రెండా బిగ్లాండ్ రెండో సైకిల్‌మీద కూర్చుని పెడళ్లను ఆపుతూ వచ్చారు. ఆవిడ తేలిగ్గా కూర్చున్నారు, ఆయన అలసిపోయారు! అదే బరువును ఎత్తడానికన్నా ఆపడానికి ప్రాణవాయువు చాలా తక్కువ చాలు. అందుకే కొండ దిగుతుంటే ఆయాసం రాదు.

ఆయాసం రాలేదని మురిసిపోతే పొరపాటే. తక్కువ ఖర్చులో పని అవుతోందంటే తక్కువ పోగులమీద ఎక్కువ భారం పడుతోందని అర్థం. ఆ పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చిరుగులు పడతాయి. 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త, వేలితో బరువులు లాగించి, రెండు నొప్పులున్నాయని విడదీసి చెప్పారు. పని చేస్తుండగా వచ్చి కాసేపటికి పోయేది ఒకటి. కొన్ని గంటల తరవాత మెల్లగా మొదలయ్యేది రెండోది. ఆ రెండోదానికి కారణం కండరం లోపలి చిరుగులేనని ఆయన అనుమానించారు. ఇప్పటి శాస్త్రం దానికి ఇంకొంచెం జోడించింది. చిరిగినచోట వాపు వస్తుంది, మరమ్మతు మొదలవుతుంది, చుట్టూ ఉన్న నరాలు సున్నితమైపోతాయి. ఇదంతా జరగడానికి సమయం పడుతుంది కాబట్టే నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తారస్థాయికి చేరి, వారంలోపే తగ్గిపోతుంది.

మూడో రోజు గండానికి అసలు కారణం ఇదీ! బస్కీలు తీసినా, డంబెల్ ఎత్తినా దించడం అనేది ఎలాగూ ఉంటుంది. అలవాటులేని ఒంటికి అది కొత్త.

కండరానికి జ్ఞాపకశక్తి

ఇందులో శుభవార్త కూడా ఉంది. నాట్లు మొదలైన తొలిరోజుల్లో కూలీల నడుములు విరిగిపోతాయి. వారం తిరిగేసరికి అదే పని పాటలు పాడుకుంటూ చేస్తారు. సంక్రాంతి సంగిడి పోటీలకు రాళ్లెత్తడం సాధన చేసే కుర్రాళ్లకూ తొలివారమే కష్టం. ఒకసారి ఆ చిన్న చిరుగులు పడి మానితే, కండరం రెండోసారి అదే పనికి అంతగా లొంగదు. ఆ రక్షణ వారాలపాటు ఉంటుంది. పైగా, రక్షణ రావడానికి ఒళ్లు హూనం కానక్కర్లేదు. తేలికపాటి పని కూడా సరిపోతుంది.

అంటే... తొలి వారం జిమ్‌లో చేయగలిగినదాంట్లో సగమే చేస్తే మూడో రోజు గండం చాలావరకు గట్టెక్కినట్టే. ‘ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగలను’ అనిపిస్తున్నప్పుడే దించేయాలి. ఇక ఎత్తలేం అనేదాకా లాగితే, అంతే పనికి కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది.

ఇంకో మాట. అలసట కండరంలోనే పుడుతుందని అనుకుంటాం. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఏంజెలో మోసో అనే శాస్త్రవేత్త వేలితో బరువు లాగిస్తూ అలసటను గీతలుగా నమోదుచేసే యంత్రాన్ని తయారుచేశారు. అలసటమీద 1891లో ఓ పుస్తకమే రాశారు. పాఠాలు చెప్పి, పరీక్షలు నిర్వహించి వచ్చిన అధ్యాపకుల వేళ్లు మామూలుకన్నా త్వరగా అలసిపోవడం ఆయన గమనించారు. వాళ్లు ఎత్తింది బరువులు కాదు, బుర్రకు పనిపెట్టారంతే! రాత్రి డ్యూటీ చేసి నిద్రలేకుండా జిమ్‌కెళ్లే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, పరీక్షల ముందు పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. నిన్న ఎత్తిన బరువు ఇవాళ లేవకపోతే బలం పోయిందని బెంగపడక్కర్లేదు. నిద్ర చాలలేదేమో చూసుకోవాలి.

ఏది మామూలు... ఏది ప్రమాదం?

రెండు తొడలూ, రెండు చేతులూ సమానంగా లాగుతుంటే, నొక్కితే నొప్పిగా ఉండి, నాలుగడుగులు నడిస్తే కాస్త వదులవుతుంటే... అది మూడో రోజు నొప్పి. దానంతటదే పోతుంది. మంచానికి అంటుకుపోకుండా నెమ్మదిగా నడవడం, కంటినిండా నిద్ర, వేళకు తిండి చాలు. కసరత్తుకు ముందో తరవాతో ఒళ్లు సాగదీస్తే ఈ నొప్పి రాదని చాలామంది అంటారు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే దానివల్ల ఒరిగేది నామమాత్రమే. నొప్పి మాత్రలు అలవాటుగా మింగడం కిడ్నీలకు మంచిది కాదు.

అదే కీలులో సూదితో పొడిచినట్టున్నా, ఒకవైపే ఉన్నా, పని చేస్తుండగా ‘పుటుక్కు’మన్నా, వాచినా, తిమ్మిరెక్కినా అది దెబ్బ. ఆపేయాల్సిందే. ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. ఇంకో ప్రమాదమూ ఉంది. అలవాటులేనివాళ్లు పంతానికి పోయి వందలకొద్దీ బస్కీలు తీసినప్పుడు కండరపు పోగులు భారీగా చితికిపోయి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. మూత్రం ముదురు గోధుమరంగులో, కోలా పానీయంలా వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కాలేజీ ర్యాగింగ్‌లో గుంజీలు తీయించేవాళ్లకూ, తొలిరోజే కొత్తవాళ్ల పట్టుదలను పరీక్షించే శిక్షకులకూ ఈ సంగతి తెలియాలి.

మరి అమ్మ సంగతి?

అందరికీ ఏదో ఒక జవాబు దొరికింది. ఏ బరువూ ఎత్తని అమ్మ ఎందుకు అలసిపోతోంది? ముప్ఫై దాటాక ఒంట్లో కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఇంకా వేగంగా! ఒంటి బరువు తగ్గదు కాబట్టి అద్దంలో అది కనిపించదు. నేలమీంచి లేవడం కొడుక్కి ఓ లెక్కలోది కాదు. కండ తగ్గిన అమ్మకు మాత్రం అదే పని ఉన్న బలమంతా ఊడ్చేసేంత పెద్దది. కొడుకు వంద కిలోలు ఎత్తినప్పుడు పడే శ్రమ, ఆవిడ మంచం ఆసరాతో లేచిన ప్రతిసారీ పడుతోందన్నమాట. రోజుకి ఇరవైసార్లు! అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కూడా కండరాలే. షుగర్ ఉన్న ఇళ్లలో ఈ సంగతి ఇంకా ముఖ్యం.

‘ఈ వయసులో నాకు కసరత్తులేంట్రా, నలుగురూ నవ్వుతారు’ అని అమ్మ అనొచ్చు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉండే పదిమందితో మరియా ఫియటరోన్ బృందం బరువులు ఎత్తించింది. వాళ్ల సగటు వయసు 90. ఎనిమిది వారాల శిక్షణ పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లకు మించి! తొంభై ఏళ్ల కండరానికీ నేర్చుకునే ఓపిక ఉందని తేలాక, యాభై ఎనిమిది ఓ వయసేనా?

ఆవిడ జిమ్‌కి వెళ్లక్కర్లేదు. గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి, చేతులు వాడకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవాలి. మొదట ఐదుసార్లు చాలు. ఆ ‘నెమ్మదిగా కూర్చోవడం’ దగ్గరే తొడలు సాగుతూ ఆపడం నేర్చుకుంటాయి. మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఇచ్చి మళ్లీ చేయాలి. ఒకటి రెండు వారాలకు ఎనిమిది, తరవాత పది. అదీ తేలికైతే చేతిలో రెండు నీళ్ల సీసాలు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల మోకాళ్లకు బలం తెప్పించడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్ 1945లో రాసిందీ ఈ కిటుకే... శక్తి పెరిగేకొద్దీ బరువూ పెంచుతూ పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ పెద్దలంతా వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం కోసం కేటాయించాలని ఉంది. 65 దాటినవాళ్లయితే తూలిపోకుండా నిలదొక్కుకునే కసరత్తుల్నీ కలిపి మూడు రోజులు. మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్ ఉంటే డాక్టర్‌తో ఒక మాట చెప్పి మొదలెట్టాలి.

ఆవిడకూ మూడో రోజు వస్తుంది. తొడలు లాగుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు ‘వయసులో చేయాల్సినవి ఇవి, నీకెందుకులే’ అనకూడదు. అది ముసలితనం నొప్పి కాదనీ, ఎన్నో ఏళ్ల తరవాత ఆ కండరానికి పని దొరికిందనీ చెప్పాలి. వీలైతే పక్కన ఇంకో కుర్చీ వేసుకుని తామూ కూర్చుని లేవాలి. బలానికి కొలమానం జిమ్‌లో ఎత్తే కిలోలే కానక్కర్లేదు. డెబ్భై ఏళ్లొచ్చాక పండగపూట మనవల పక్కన నేలమీద కూర్చుని అరిటాకులో భోంచేసి, ఎవరి చెయ్యీ అందుకోకుండా లేవగలిగితే... అంతకుమించిన పతకం ఏముంటుంది!